ఎక్కడ నొక్కినా అదే మాట

నచికేత్ దామ్లే జవాబు చెప్పేముందు ప్రతిసారీ తలుపు వైపు చూస్తున్నాడు. ఆ క్లాసు గది తలుపు పక్కన కుర్చీలో అతని మాస్టారు శ్రీపాద్ కేస్కర్ కూర్చుని ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్ మృణ్మయి ఘాట్గే ఆ చూపుల్ని పట్టుకుంది. విద్యార్థిని ప్రశ్నించేటప్పుడు గురువు పక్కన ఉండి తీరాలని, అది తమ ఫిల్మ్ స్కూల్ నియమమని కేస్కర్ పట్టుబట్టాడు. సరే, ఉండండి అంది ఆమె. ఎవరి ముఖం ఎప్పుడు మారుతుందో చూడటానికి అదే మంచిదనిపించింది.

ఈ కేసు ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. గురువారం పొద్దున ఓవీ సాళుంఖే అనే చివరి సంవత్సరం విద్యార్థిని క్రైమ్ బ్రాంచికి ఫోన్ చేసింది. ఆ రోజు పేపర్లో ఒక చాట్ బొమ్మ పడింది. ఒక కాలేజీ లెక్చరర్ తన ప్రిన్సిపాల్‌ని బెదిరిస్తూ పంపిన మెసేజ్‌లట. ఆ చాట్‌ని సాక్ష్యంగా పెట్టి ఆ లెక్చరర్‌ని జైల్లో వేశారు.

"అది ఎవరూ ఎవరికీ పంపింది కాదు మేడమ్. నేను గీసిన బొమ్మ. క్లాసులో కసరత్తుగా ఇచ్చారు" అంది ఓవీ.

ఎవరిచ్చారని మృణ్మయి అడిగితే, ఫోన్‌లో వద్దు, సాయంత్రం నాలుగింటికి వచ్చి చెబుతానంది. రాలేదు. ఆ తరవాత ఆమె ఎవరికీ కనిపించలేదు.

శుక్రవారం ఈ నచికేత్ ముందుకొచ్చాడు. ఓవీ తనకు మెసేజ్ పెట్టిందని ఫోన్ చూపించాడు. అత్తతో కలిసి పండరిపురం పాదయాత్ర వారీలో నడుస్తున్నాను, ఫోన్ ఆపేస్తున్నాను, విఠోబా దర్శనం అయ్యాక వస్తాను, ఎవరూ వెతకొద్దు అని ఉంది అందులో. అత్త ఇంటికి తాళం వేసి ఉన్న మాట నిజం. ఆమె వారీకి వెళ్ళిన మాటా నిజం. లక్షల మంది నడిచే ఆ దారిలో ఫోన్ లేని ఇద్దరు ఆడవాళ్ళను వెతికేదెవరు? సైబర్ విభాగం ఇన్‌స్పెక్టర్ హేరంబ్ బర్వే ఆ తెరను తన ఫోన్‌తో వీడియో తీసి ఫైల్లో పెట్టాడు. తన ఇష్టంతోనే వెళ్ళిందని కింద రాశాడు. ఇవాళ సోమవారం. సాయంత్రం ఆరింటికి ఫైలు మూసేస్తారు. మూస్తే ఓవీ కోసం వెతికే మనిషి ఇక ఎవరూ ఉండరు.

మృణ్మయి నచికేత్ ఫోన్‌ని బల్ల మీద అతని ముందుకు జరిపింది. అది తనదేనని, తమ సినిమాలో హీరోయిన్ ఫోన్ కూడా అదేనని అతను ఒప్పుకున్నాడు. విడిగా ఇంకో ఫోన్ కొనే స్తోమత ఎవరికుందన్నాడు.

సినిమా మాట రాగానే కుర్రాడి గొంతు కాస్త తెరుచుకుంది. చచ్చిపోయిన కూతురి ఫోన్ నుంచి తల్లికి రోజూ మెసేజ్ రావడం కథ. ఆ తెరలన్నీ ఓవీ గీసినవే. గీసినవంటే ఉత్త బొమ్మలు కావు. ఫోన్‌లో ఒక యాప్ తెరిస్తే అది అద్దం మొత్తాన్ని ఆక్రమిస్తుంది. అచ్చం చాట్‌లాగే ఉంటుంది. నటి ఏ మూల నొక్కినా రాయాల్సిన వాక్యంలోని తరవాతి అక్షరమే పడుతుంది.

"ఏ మూల నొక్కినా?"

"ఆ అమ్మాయి ఏడవాలి, వేళ్ళు వణికించాలి, కెమెరాకి మొహం చూపించాలి. దానికి తోడు తప్పుల్లేకుండా టైపు కూడా చెయ్యమంటే ఎలా, తాయీ?" అన్నాడు. అన్నాక, పోలీసావిడని అక్కా అన్నానే అని నాలుక కరుచుకున్నాడు.

అవతలి మనిషి జవాబులు ఎలా వస్తాయని ఆమె అడిగింది. కెమెరాకి కనపడకుండా ఓవీ లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటుందట. ఇక్కడ ఎన్ని నొక్కులు పడ్డాయో అక్కడ ఆమెకు తెలుస్తుంది. సమయం చూసి జవాబు వదులుతుంది. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆ లాప్‌టాప్ సొంత వైఫైతోనే ఫోన్‌తో మాట్లాడుతుంది. కలిసినప్పుడు తెర కింది మూల ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది.

"ఎంత దూరం పనిచేస్తుంది?"

"రెండు గోడల దాకా. మెస్‌లో కూర్చుని వడాపావ్ తింటూ చెయ్యొచ్చేమోనని ఒకసారి చూసింది. రాలేదు."

మృణ్మయి లేచి గోడకి అంటించిన ఫోన్ తెరల బొమ్మలు చూస్తూ నడిచింది. అన్నీ ఓవీవే. ప్రతి చాట్‌లోనూ అసలు మాటకి పైన, కథకి సంబంధం లేని పాత మాటలున్నాయి. ఒకచోట తుడిపేసిన మెసేజ్ గుర్తు, ఇంకోచోట పొరపాటున పంపిన పాలప్యాకెట్ ఫోటో.

కేస్కర్ కుర్చీలోంచే గర్వంగా మాట కలిపాడు. ఈ క్లాసులో అలా చేసేది ఆ పిల్ల ఒక్కతే అన్నాడు. మిగతావాళ్ళు ఖాళీ తెర మీద ఒక్క వాక్యం పెట్టి నమ్మమంటారు. తనకే అంత ఓపిక లేదన్నాడు.

"బాగున్నాయి సర్. కానీ అన్నిటికీ కామెర్లు వచ్చినట్టున్నాయేం?"

కేస్కర్ నవ్వాడు. పాఠం చెప్పే గొంతులోకి జారిపోయాడు. స్టూడియోలో ఉన్నవి పాతకాలపు పసుపు దీపాలు. వాటికి సరిపోయేలా కెమెరాని సర్దితే ఫోన్‌లోని మామూలు తెలుపు నీలంగా పడుతుంది, శవం గోళ్ళలా. అందుకని బొమ్మకి ముందే పసుపు కలుపుతారు. సెట్‌లో అది తెల్లగా కనిపిస్తుంది. బయటికి తెస్తే మాత్రం...

అక్కడ ఆగిపోయాడు.

"బయటికి తెస్తే?" అంది మృణ్మయి.

"ఏముంది మేడమ్. ఇలాగే, పాతబడ్డ కాగితంలా ఉంటుంది."

అప్పుడే తలుపు తోసుకుని బర్వే వచ్చాడు. చేతిలో సగం తాగిన టీ గ్లాసు. ఆ లెక్చరర్ చాట్ అసలైనదేనని కోర్టుకి సర్టిఫికెట్ రాసిచ్చింది ఇతనే. ఓవీ వచ్చి నోరు విప్పితే ముందు కూలేది ఆ సర్టిఫికెట్.

"ఘాట్గే మేడమ్, సినిమా స్కూల్ చుట్టూ తిరుగుతున్నారట. వేషం ఏమైనా దొరికిందా?"

"మంచి వేషాలన్నీ మీరు ముందే తీసేసుకున్నారు, బర్వే సాహెబ్. కూర్చోండి. మీరు తీసిన సినిమా ఒకటి చూద్దాం."

ఫైల్లోని వీడియోని ఆమె తన ట్యాబ్‌లో వేసింది. నచికేత్ చేతిలో ఫోన్, అందులో ఓవీ చాట్. తెర పాలిపోయిన పసుపు రంగులో ఉంది. ఇది సెట్ కోసం గీసిన బొమ్మ, చాట్ కాదు అంది ఆమె.

బర్వే పెద్దగా నవ్వాడు. రాత్రిళ్ళు కళ్ళు మండకుండా ఫోన్‌కి పసుపు రంగు పెట్టుకోవడం ఊరందరికీ తెలుసన్నాడు. తన భార్య ఫోన్ పగలూ రాత్రీ అలాగే ఉంటుందట. ఆవిణ్ణి కూడా అరెస్టు చేస్తారా అని అడిగాడు.

మృణ్మయి వీడియోని కాస్త ముందుకు జరిపి ఆపింది. నచికేత్ చాట్‌ని పైకి జరుపుతుండగా తెర పై అంచు నుంచి ఒక చిన్న చీటీ దిగింది. హాస్టల్ గ్రూప్ నుంచి వచ్చిన మెసేజ్. ట్యాంకు కడుగుతున్నారు, బకెట్లు నింపుకోండి అని ఉంది. రెండు క్షణాలుండి వెళ్ళిపోయింది. ఆ చీటీ మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

"రంగు కళ్ళద్దాలు పెట్టుకుంటే లోకం అంతా ఒకే రంగులో కనిపించాలి కదా, సాహెబ్. ఫోన్ మొత్తానికి పసుపు పెడితే ఈ చీటీ కూడా పసుపుగానే ఉండాలి. ఇది ఒక్కటే తెల్లగా ఎందుకుంది?"

బర్వే టీ గ్లాసు కింద పెట్టాడు. నచికేత్ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.

"ఈ చీటీ నిజం ఫోన్‌ది. కింద ఉన్నది బొమ్మ" అంది మృణ్మయి.

"అయితే కుర్రాడు అబద్ధం ఆడాడు. అంతేగా. అమ్మాయి వారీకి వెళ్ళలేదని దీంతో ఎలా తేలుతుంది?"

ఆమె చాట్‌లో ఇంకాస్త పైకి వెళ్ళింది. గురువారం రాత్రి నచికేత్ ఓవీకి రెండుసార్లు ఫోన్ చేశాడు, ఆమె ఎత్తలేదు. ఆ సంగతి అతని కాల్ వివరాల్లో ఉంది. బొమ్మలోనూ ఆ రెండు కాల్స్ సరిగ్గా ఆ వేళలకే ఉన్నాయి. అంటే ఇది గురువారం రాత్రి తరవాత గీసింది. ఆ పైన పాత మాటలున్నాయి, ఒక తుడిపేసిన మెసేజ్ ఉంది, పొరపాటున వచ్చిన గొడుగు ఫోటో ఉంది. ఈ క్లాసులో అలా చేసేది ఒక్కతే అని ఇందాక కేస్కర్ సర్ చెప్పారు.

"కనిపించకుండా పోయాక ఓవీయే దీన్ని గీసింది. తాను క్షేమంగా ఉన్నానన్న సాక్ష్యాన్ని ఆమె చేతే గీయించారు" అంది మృణ్మయి.

ఆ బొమ్మని తన ఫోన్‌లో ఎక్కించి ఇచ్చారని, సినిమాకి మార్కులు వేసే జ్యూరీ వచ్చి వెళ్ళేదాకా పోలీసులు రాకుండా ఉంటే చాలన్నారని, ఓవీ అలిగి ఇంటికి వెళ్ళిందనే అనుకున్నానని నచికేత్ తలవంచుకుని గొణిగాడు. ముంబై నుంచి జ్యూరీ మంగళవారం వస్తోందట. సినిమా ఆగితే డిప్లొమా లేదు.

"ఎవరు ఎక్కించారు?"

కుర్రాడి కళ్ళు మళ్ళీ తలుపు వైపు వెళ్ళాయి. కేస్కర్ లేచి నిలబడ్డాడు. పిల్లవాడు బెదిరిపోయాడని, లాయరు వచ్చేదాకా ఇక ఒక్క ప్రశ్న కూడా వద్దని మెత్తగా అన్నాడు.

బర్వే కూడా లేచాడు. మృణ్మయి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"పదహారేళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నాను. నా సర్టిఫికెట్ తప్పని చెప్పడానికి మీకు దొరికింది చిటికెడు పసుపా?"

"చిటికెడు చాలు."

"ఆరింటికి ఫైలు మూస్తున్నాను. హెడ్ క్వార్టర్స్‌కి వెళుతున్నా. మీ పసుపూ కుంకుమా కమిషనర్ గారికి చూపించుకోండి." గ్లాసు అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయాడు.

కేస్కర్‌ని ఇప్పుడే పట్టుకోవచ్చు. కానీ పట్టుకున్నాక ఇతను నోరు కుట్టేసుకుంటే? ఓవీ ఎక్కడుందో తెలిసేదాకా ఈ మనిషి తన కళ్ళ ముందు నోరు తెరిచి తిరుగుతూ ఉండటమే మేలు. అలా లెక్క వేసుకుని, సెట్ చూపించమని అడిగింది. జ్యూరీ చూసేదాకా సెట్‌లో ఎవరూ అడుగుపెట్టకూడదని కేస్కర్ ఏవో సాకులు చెప్పాడు. ఆమె వినలేదు. నచికేత్‌నీ అతని ఫోన్‌నీ వెంట తీసుకుని నడిచింది.

స్టూడియో ప్రాంగణం చివర ఉంది. లోపల అడుగు పెడితే పగలన్నది తెలియదు. చుట్టూ నల్లటి పరదాలు. మధ్యలో మూడు గోడల హాస్టల్ గది. మంచం, అలమర, మేకుకు తగిలించిన తడి రెయిన్‌కోటు. రెయిన్‌కోటు మీద నీటి చుక్కలు జిగురుతో అంటించినవి. కిటికీకి అవతల పెయింటు వేసిన వాన. ఆ గదిలో ఏదీ నిజం కాదు, అయినా ఎవరో ఇప్పుడే లేచి పక్క గదిలోకి వెళ్ళినట్టుంది. దిండు మీద తల పెట్టిన గుంట కూడా చెక్కుచెదరకుండా ఉంచారు. షాటు షాటుకీ ఆ గుంట మారకూడదని ఓవీ దాని చుట్టూ దారం కుట్టిందని నచికేత్ గుసగుసగా చెప్పాడు.

వెనక గోడకి ఇనుప తలుపు ఒకటి కనిపించింది. అదేమిటని మృణ్మయి అడిగింది. పాత రీళ్ళ గిడ్డంగి అని, పైకప్పు పడిపోవడంతో తాళం వేశామని కేస్కర్ అన్నాడు. తాళంచెవి ఆఫీసులో ఎక్కడో ఉండాలట.

అతను దీపాల బల్ల దగ్గరికి వెళ్ళి మీటలు నొక్కాడు. గది పసుపు వెలుగుతో నిండింది.

మృణ్మయి మంచం మీద, సినిమాలో హీరోయిన్ కూర్చునే చోట కూర్చుంది. నచికేత్‌ని పక్కన కూర్చోబెట్టుకుంది. అతను యాప్ తెరిచి చివరి సీను తీసి ఫోన్ ఆమెకిచ్చాడు. ఇందాక కామెర్లు వచ్చినట్టున్న తెర ఈ దీపాల కింద తెల్లగా, నిజంగా ఉంది. అబద్ధం ఇక్కడ తన ఇంటికి వచ్చినట్టుంది.

ఆమె మధ్యలో నొక్కింది. నే. మూలన నొక్కింది. ను. కళ్ళు మూసుకుని, వేలు ఎక్కడ పడితే అక్కడ పెట్టింది. అక్షరాలు తమంతట తాము వరస కట్టాయి.

నేను బాగానే ఉన్నాను అమ్మా. వెతకొద్దు.

ఆమె పంపకుండా వెనక్కి తుడిపేసి మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే మాట. దాన్నీ తుడిపేసింది.

పక్కన నచికేత్ తెర మీదికి వంగాడు. తెర కింది మూల ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది.

మృణ్మయి బొటనవేలితో చుక్కని కప్పేసి, రెండో చేత్తో కుర్రాడి మణికట్టు గట్టిగా నొక్కింది. అతను అరవలేదు.

చాట్ పైన 'టైపింగ్' అని వచ్చింది. మూడు చుక్కలు ఎగిరెగిరి పడ్డాయి. ఆ సీనులో అలాంటిదేమీ లేదని నచికేత్ ముఖమే చెబుతోంది. తరవాత ఒక మెసేజ్ దిగింది.

'ఎవరు? నచికేత్ అయితే ఒకసారి నొక్కు. వేరే వాళ్ళయితే రెండుసార్లు.'

రాయడానికి మృణ్మయి దగ్గర వెయ్యి మాటలున్నాయి. కానీ ఈ ఫోన్‌లో ఆమె రాయగలిగింది ఒక్కటే, బాగానే ఉన్నాను అమ్మా అని. ఆమె రెండుసార్లు నొక్కింది. నే. ను.

'పోలీసులా? అయితే ఒకసారి.'

ఒకసారి నొక్కింది.

ఆ తరవాత మాటలు తొందర తొందరగా, తప్పులతో వచ్చాయి. సినిమాలో ఓవీ ఎప్పుడూ రాయని తప్పులు.

'గిడంగిలో ఉనాను. నెట్ లేదు. లాప్‌టాప్ బొమ్మలు గీయడానికి ఇచ్చారు. ఈ యాప్ ఎవరైనా సెట్‌లో తెరుస్తారని నాలుగు రోజులుగా చూస్తునా.'

మృణ్మయి కళ్ళు పైకెత్తకుండానే ఇనుప తలుపుని కొలిచింది. ఎనిమిది అడుగులు. తాళం ఈ వైపున లేదు. ఆ గిడ్డంగికి అవతలి వైపున ఇంకో తలుపు ఉండాలి.

"ఏం కనిపిస్తోంది మేడమ్?" దీపాల బల్ల దగ్గర నుంచి కేస్కర్ అడిగాడు. అతని గొంతు మునుపటంత మెత్తగా లేదు. "ఆ చాట్ ఎప్పుడో అయిపోయి ఉండాలి."

"అదే మాట సర్. ఎక్కడ నొక్కినా అదే వస్తోంది."

"ఇలా ఇవ్వండి. యాప్ ఇరుక్కుపోయినట్టుంది."

"ఇంకొక్కసారి చూసి ఇస్తాను."

అతను బల్ల దగ్గర నుంచి కదిలి మంచం వైపు రావడం మొదలుపెట్టాడు. మృణ్మయి కుడిచేయి రివాల్వర్ మీదికి వెళ్ళింది. ఎడమచేతిలోని తెర మీద ఇంకో మెసేజ్ దిగింది.

'కేస్కర్ సర్ మీతో ఉన్నారా? ఉంటే ఒకసారి.'

ఆమె బొటనవేలు తెర మీద పడింది.

చుక్కలు చాలాసేపు ఎగిరాయి. ఓవీ ఏదో రాసి, తుడిపేసి, మళ్ళీ రాస్తున్నట్టుంది.

'అయితే ఇప్పుడు నా తలుపు తాళం తీస్తున్నది ఎవరు?'

ఆకుపచ్చ చుక్క ఆరిపోయింది.

ఇనుప తలుపుకి అవతల ఏదో బరువైనది నేల మీద పడింది. కేస్కర్ అడుగు మధ్యలో ఆగి ఆ వైపు చూశాడు. అతని ముఖంలో భయం లేదు, నిశ్చింత ఉంది. హెడ్ క్వార్టర్స్‌కి వెళుతున్నానని చెప్పిన బర్వే జీపు స్టార్టయిన చప్పుడు తాను వినలేదన్న సంగతి మృణ్మయికి అప్పుడు తట్టింది.